సీమ నీళ్లకు సీమలోనే పరిశోధకులు కావాలి

సంపాదకుల వారికి,

నమస్కారం. ఇంజినీరింగ్ ప్రవేశాల సమయంలో సివిల్ శాఖ గురించి అడిగే తల్లిదండ్రులు ఏటేటా తగ్గిపోతున్నారు. అడిగే కొద్దిమంది కూడా భవనాలు, రోడ్లు, ఏఈ (సహాయ ఇంజినీరు) ఉద్యోగం దగ్గరే ఆగిపోతున్నారు. నీటిపారుదల, హైడ్రాలిక్స్ (నీటి ప్రవాహ శాస్త్రం) విషయాల్లో ఎం.టెక్., పీహెచ్‌డీ చేసి అధ్యాపకులుగా, పరిశోధకులుగా స్థిరపడే దారి ఒకటుందనీ, ఆ దారిన నడిచేవారి అవసరం కర్నూలు, అనంతపురం, కడప ప్రాంతాలకు ఎంతో ఉందనీ పిల్లలకు చెప్పేవారు కనిపించడం లేదు. కర్నూలులోని ఒక ఇంజినీరింగ్ కళాశాలలో చాలా కాలంగా ఈ పాఠాలు చెబుతున్న నేను ఆ మాట మీ పత్రిక ద్వారా చెప్పదలచుకున్నాను. తల్లిదండ్రులతో పాటు జలవనరుల శాఖ అధికారులు, కళాశాలల యాజమాన్యాలు కూడా దీన్ని చదవాలని నా కోరిక.

హైడ్రాలిక్స్ అంటే పరీక్ష కోసం కంఠస్థం చేయవలసిన సూత్రాల చిట్టా అని మా విద్యార్థుల్లో చాలామంది అనుకుంటారు. అయితే ఆ సూత్రాల్లో ముఖ్యమైనవి కొన్ని కాలువ గట్ల మీద నిలబడి ఓపికగా కొలతలు తీసినవారు ఇచ్చినవే. పూడిక పేరుకోకుండా, గట్లు కోసుకుపోకుండా కాలువలో నీరు ఎంత వేగంతో పారాలన్న లెక్కను 1895లో కెనెడీ అనే ఇంజినీరు పంజాబులోని అప్పర్ బారీ దోవాబ్ కాలువను పరిశీలించి తేల్చాడు. తరువాత 1930 ప్రాంతంలో లేసీ అనే మరో ఇంజినీరు దాన్ని మరింత విస్తరించాడు. ఈనాటికీ మా పిల్లలు పరీక్షల్లో రాసేది ఉత్తరాది ఒండ్రు నేలల్లో పుట్టిన ఆ లెక్కలనే. మన కె.సి. (కర్నూలు-కడప) కాలువ సంగతి వేరు. మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ 1860లలో సుంకేసుల దగ్గర తుంగభద్రకు ఆనకట్ట కట్టి, పడవల రాకపోకలకూ సాగుకూ కలిపి తవ్వించిన ఆ కాలువను 1882లో ప్రభుత్వం కొనుగోలు చేసింది. నేడు దాని కింద సుమారు 2.65 లక్షల ఎకరాల ఆయకట్టు ఉంది. కాలువ చాలా దూరం కుందూ లోయలోని నల్లరేగడి నేలల గుండా సాగుతుంది. తడిస్తే ఉబ్బి, ఎండితే బీటలు వారే ఆ మట్టి కాలువకు లోపల వేసిన లైనింగు పూతను వెనుక నుంచి నెట్టి పగలగొడుతుంది. పగుళ్లలో తుంగ, జమ్ము మొలిస్తే ప్రవాహ వేగం పడిపోయి, కాగితం మీద రాసుకున్న క్యూసెక్కులు చివరి ఆయకట్టు దాకా చేరవు. ఈ కాలువలో ఏ మైలు దగ్గర ఎంత నీరు ఇంకిపోతోంది, గరుకుతనం ఏ నెలలో ఎంత పెరుగుతోంది అని ఏళ్ల తరబడి కొలిచి, కెనెడీ చేసినట్టు మన నేలకు సరిపోయే లెక్క కట్టే మనిషి కావాలి. అటువంటి పని చేయడానికి అనువైన ఉద్యోగం విశ్వవిద్యాలయ అధ్యాపకుడిదే. ఆయకట్టుకు నీళ్లందించే బాధ్యతలో మునిగి ఉండే ఏఈకి గానీ, ఒప్పందం గడువుకు కట్టుబడే కాంట్రాక్టరుకు గానీ అంత తీరిక ఉండదు.

ఈ దారి ఎలా ఉంటుందో తల్లిదండ్రులకు వివరంగా చెప్పాలి. సివిల్ శాఖలో బి.టెక్. పూర్తిచేసి, ఎం.టెక్. ప్రవేశానికి జరిగే గేట్ పరీక్షలో అర్హత సాధించిన విద్యార్థి జలవనరులు లేదా హైడ్రాలిక్స్ ప్రత్యేక విషయంగా ఎం.టెక్.లో చేరవచ్చు. గంగా కాలువ తవ్వకానికి ఇంజినీర్లు కావలసివచ్చి 1847లో మొదలైన రూర్కీ కళాశాల, అంటే నేటి ఐఐటీ రూర్కీ, ఈ చదువుకు దేశంలో తొలి పేరు. మద్రాసు ఐఐటీ, బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ, వరంగల్ ఎన్ఐటీ మనకు దగ్గరగా ఉన్నవి. గేట్ ద్వారా చేరినవారికి నెలకు రూ.12,400 ఉపకార వేతనం అందుతుంది. పీహెచ్‌డీలో జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ 2023 నుంచి నెలకు రూ.37,000, సీనియర్ దశలో రూ.42,000 అయింది. అసిస్టెంట్ ప్రొఫెసర్ కావడానికి ఎం.టెక్. సరిపోతుంది కానీ ఆపై మెట్టు ఎక్కాలంటే పీహెచ్‌డీ తప్పనిసరి. చదువు మొదలుపెట్టిన నాటి నుంచి ఉద్యోగంలో కుదురుకునే నాటికి పదేళ్లు పట్టవచ్చు. ఈ లోగా సాఫ్ట్‌వేర్‌లో చేరిన తోటివారు ఇల్లు కట్టుకుంటారన్నది నిజం, దాన్ని దాచి పిల్లలను ఒప్పించడం న్యాయం కాదు. పదేళ్ల తరువాత ఆ మనిషి చేతిలో ఉండేది ఈ నేలకు ఎప్పటికీ అక్కరకు వచ్చే విద్య అని మాత్రం నేను హామీగా చెప్పగలను. నాగార్జునసాగర్ రూపకల్పనలో పాలుపంచుకుని, కేంద్రంలో నీటిపారుదల మంత్రి అయిన కానూరి లక్ష్మణరావు గారు కూడా తొలినాళ్లలో రంగూన్‌లో పాఠాలు చెప్పి, బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పొందినవారే.

ఇక పరిశోధకుడికి ఇక్కడ పని ఏముందని అడిగేవారికి జవాబు శ్రీశైలం నుంచే మొదలవుతుంది. ఆ జలాశయంలో తొలుత 308 టీఎంసీల నీరు పట్టేది. పూడిక వల్ల అది సుమారు 215 టీఎంసీలకు తగ్గిందని సర్వేలు తేల్చాయి. పోయిన ఆ 93 టీఎంసీలు మూడు గండికోట జలాశయాలకు మించిన నీరు. తుంగభద్ర డ్యామ్ 133 టీఎంసీల నుంచి 105 టీఎంసీల దగ్గరకు వచ్చింది, అంటే అక్కడ కూడా దాదాపు ఒక గండికోట పూడిపోయినట్టే. హంద్రీ-నీవా, తెలుగుగంగ, ఎస్ఆర్‌బీసీ (శ్రీశైలం కుడి బ్రాంచి కాలువ) అంటూ మన జిల్లాల కాలువలు ఎన్నో శ్రీశైలం మట్టం మీదనే ఆధారపడి ఉన్నాయి. వరద ఉన్న కొద్ది రోజుల్లోనే జలాశయం నుంచి పోతిరెడ్డిపాడు తూముల ద్వారా నీరు లాగి బానకచెర్ల దగ్గర కాలువలకు పంచుకోవాలి. ఈ ఒండ్రు ఏ వాగు నుంచి, ఏ నేలల నుంచి ఎంత వస్తోంది, వరద మొదటి రోజుల్లో వచ్చే చిక్కటి బురద నీటిని నిలపకుండా కిందికి పంపితే ఎంత పూడిక తప్పుతుంది, అలా పంపితే ఎంత నీరు నష్టపోతాం అనేవి ఒక పరిశోధకుడి జీవితానికి సరిపోయే ప్రశ్నలు. వాటి జవాబు కోసం ఎదురుచూస్తున్నది మన రైతులే.

అదే డ్యామ్ కింద మరో సమస్య ఉంది. వరద నీటిని వదిలే స్పిల్‌వే మీదుగా దూకే నీరు, దాని అడుగున పైకి వంగి ఉండే బకెట్ అంచు నుంచి ఎగిరి కింద నదిలో పడిన చోట ఏళ్ల తరబడి కోతకు గురై లోతైన గుంత పడింది. ఆ గుంత డ్యామ్ పునాది వైపు రాకుండా ఏం చేయాలన్నది నిపుణులు చర్చిస్తూనే ఉన్నారు. ఇటువంటి ప్రశ్నకు కంప్యూటర్ లెక్కలతో పాటు నమూనా ప్రయోగం కూడా అవసరం. డ్యామ్‌ను నూరో వంతు పరిమాణంలో కట్టి నీరు వదిలితే, ఇటువంటి నమూనాలకు వాడే ఫ్రూడ్ నియమం ప్రకారం నమూనాలో నీటి వేగం అసలు వేగంలో పదో వంతు ఉండాలి, ప్రవాహం లక్షో వంతు ఉండాలి. శ్రీశైలం స్పిల్‌వే సామర్థ్యమైన 13.2 లక్షల క్యూసెక్కులు ఆ నమూనాలో 13 క్యూసెక్కుల పైచిలుకు అవుతాయి. అంటే ఒక చిన్న పిల్లకాలువలో పారేంత నీరు, ఒక పెద్ద షెడ్డు, పంపులు, కొలత పరికరాలు ఉంటే ఇంత పెద్ద డ్యామ్ ప్రవర్తనను కళ్లెదుట చూడవచ్చు. ఆ షెడ్డు రాయలసీమలో లేదు. ఉమ్మడి రాష్ట్రంలో ఇటువంటి పరిశోధనశాల హైదరాబాదు పక్కన హిమాయత్‌సాగర్‌లోనూ, నీటి యాజమాన్య శిక్షణ సంస్థ వాలంతరి రాజేంద్రనగర్‌లోనూ ఉండేవి. 2014 తరువాత ఆ రెండు ప్రాంగణాలూ హద్దుకు అవతల ఉండిపోయాయి. పోలవరం స్పిల్‌వే నమూనా పరీక్షలకు పుణె సమీపంలోని ఖడక్‌వాస్లాకు, 1916 నుంచి నడుస్తున్న కేంద్ర పరిశోధనా కేంద్రానికి వెళ్లవలసి వచ్చింది. ఆ కేంద్రం గొప్పది, దాని సేవలు మనకు ఎప్పుడూ కావాలి. కాని చిత్రావతి మీదనో పాపాఘ్ని మీదనో ఒక చిన్న కట్టడం కట్టేటప్పుడు ఎవరూ పుణె దాకా వెళ్లరు, పరీక్ష లేకుండానే కట్టేస్తారు.

పరీక్ష, పర్యవేక్షణ కొరవడితే ఏమవుతుందో చెయ్యేరు ఒడ్డు గ్రామాలను అడగాలి. 2021 నవంబరు 19 తెల్లవారుజామున ఎగువన పింఛా కట్ట తెగి, ఆ నీరు కూడా కలిసిన వరద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్టను కోసుకుపోయింది. వచ్చిన వరద ఆ స్పిల్‌వే వదలగలిగిన దానికంటే చాలా ఎక్కువ. పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట ఊళ్లు ఆ దెబ్బ తిన్నాయి, ఎన్నో కుటుంబాలు మనుషులను పోగొట్టుకున్నాయి. కట్ట తెగితే ఏ ఊరికి ఎన్ని నిమిషాల్లో ఎంత ఎత్తున నీరు చేరుతుందో ముందుగా లెక్కగట్టే విద్య ఉంది. దానికి కావలసిన సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, మా ఎం.టెక్. విద్యార్థులు దాన్ని ఒక సెమిస్టర్‌లో నేర్చుకుంటారు. కర్నూలు, అనంతపురం, కడప ఉమ్మడి జిల్లాలు మూడింటిలోని ప్రతి మధ్యతరహా ప్రాజెక్టుకూ అలాంటి ముంపు పటం తయారుచేసి, కింది ఊళ్ల పంచాయతీ కార్యాలయాల్లో గోడకు అతికించే పనిని స్థానిక కళాశాలలు చేయగలవు. ఈ సంగతి తలచుకున్నప్పుడల్లా నాకు కలిగే బాధను ఇక్కడ రాయకుండా ఉండలేను. చేయదగిన పని, చేయగలిగిన పిల్లలు రెండూ ఉండి అది జరగకపోవడం నాకు తట్టుకోలేనిదిగా ఉంది.

2009 అక్టోబరు 2న కర్నూలు నగరం మునిగిన సంగతి మీ పాఠకులకు చెప్పనక్కరలేదు. ఆ రోజుల్లో శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కుల వరకు వరద వచ్చింది, 885 అడుగుల పూర్తి మట్టాన్ని దాటి నీరు 896 అడుగులకు పైగా లేచింది. నగరం తుంగభద్ర, హంద్రీ కలిసే చోట ఉంది. ఆనాటి ముంపులో తుంగభద్ర వాటా ఎంత, హంద్రీ వాటా ఎంత, కింది నుంచి ఎదురు నిలిచిన నీటి ప్రభావం ఎంత అన్న చర్చ ఇప్పటికీ టీ కొట్ల దగ్గర నడుస్తూ ఉంటుంది. ఇది ఊహలతో తేల్చుకునే విషయం కాదు. నదీగర్భం కొలతలు, గంట గంట నీటిమట్టాలు చేతిలో ఉంటే ఒక పీహెచ్‌డీ విద్యార్థి మూడు నాలుగేళ్లలో దీన్ని తేల్చి, మళ్లీ అటువంటి వరద వస్తే ఏ వీధి ఎప్పుడు ఖాళీ చేయాలో చెప్పగలడు. కడప మధ్యగా పారే బుగ్గవంకకూ ఇటువంటి లెక్క అవసరం.

2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యామ్ 33 గేట్లలో 19వది గొలుసు తెగి కొట్టుకుపోయినప్పుడు, పారుతున్న ప్రవాహంలోనే స్టాప్‌లాగ్‌లు (తాత్కాలిక అడ్డు దిమ్మెలు) దించి నీటిని ఆపిన గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడు గారి నైపుణ్యాన్ని రాష్ట్రమంతా కొనియాడింది. ఆ ప్రశంసకు ఆయన పూర్తిగా అర్హులు. వేగంగా పారే నీటిలోకి ఒక ఇనుప దిమ్మెను దించేటప్పుడు దాని మీద కిందికి లాగే బలం ఎంత ఉంటుంది, అది ఏ ఎత్తులో అదిరిపోతుంది అన్న విషయాలు ఆయనకు దశాబ్దాల అనుభవం వల్ల తెలుసు. ఆ అనుభవాన్ని అడిగి తెలుసుకుని, కొలతలతో పోల్చి, పాఠంగా మలిచి మరుసటి తరానికి అందించవలసింది మా వంటి అధ్యాపకులు. మన కళాశాలల్లో గేట్ల గురించి చెప్పే పాఠం ఇప్పటికీ బోర్డు మీద గీసిన రెండు బొమ్మలతో ముగుస్తోంది.

ఈ ప్రాంతానికి ఈ విద్య కొత్తది కాదు. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం, క్రీ.శ. 1369 నాటిది, మంచి చెరువుకు పన్నెండు అంగాలు ఉండాలని చెబుతుంది. ధర్మపరుడైన రాజు మొదటి అంగమైతే, జలశాస్త్రం తెలిసిన పండితుడు రెండవ అంగం. గట్టి మట్టి, కొండల నడుమ మరీ పొడవు కాని దృఢమైన కట్ట, రాతి గని, పనితనం తెలిసిన కూలీల గుంపు ఆ తరువాత వస్తాయి. కట్ట నుంచి నీరు ఊరడం, చవుడు నేల, చెరువు నడుమ మిట్ట, తక్కువ నీటికి ఎక్కువ పొలం, ఎక్కువ నీటికి తక్కువ చోటు వంటివాటిని శాసనం దోషాలుగా పేర్కొంది. రెండు రాజ్యాల పొలిమేరలో ఉండడాన్ని కూడా ఆ దోషాల్లో లెక్కపెట్టింది; తుంగభద్ర నీటి కోసం ఏటా పడే తగవులు చూస్తున్న మనకు ఆ దూరదృష్టి అబ్బురం కలిగిస్తుంది. వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు రెండేళ్లు పనిచేసి కట్టిన ఆ చెరువు ఆరున్నర శతాబ్దాల తరువాత కూడా నిలిచి ఉంది. డబ్బు పెట్టే రాజు తరువాత స్థానాన్ని, మట్టి కంటే రాయి కంటే ముందు, శాస్త్రం తెలిసిన మనిషికి ఇచ్చిన ఆ క్రమం మన ప్రణాళికల్లో ఎందుకు కనిపించడం లేదో పాలకులు ఆలోచించాలి. 1946లో మద్రాసులోని గిండీలో మొదలై 1948లో అనంతపురానికి తరలివచ్చిన ఇంజినీరింగ్ కళాశాల, నేటి జేఎన్‌టీయూ, ఈ సంప్రదాయానికి సహజమైన వారసురాలు కావాలి. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా సరిగా కురవని జిల్లా కేంద్రంలో జలశాస్త్రానికి దక్కవలసిన స్థానం చాలా పెద్దది.

అడ్డంకులు ఏవో కూడా చెప్పాలి. అన్నిటికంటే పెద్దది సమాచారం దొరకకపోవడం. నా విద్యార్థి ఒకరు ఒక పంపిణీ కాలువ రోజువారీ గేజీ (నీటిమట్టం) లెక్కల కోసం అర్జీ పెడితే, ఒక కార్యాలయం ఇంకో కార్యాలయానికి పంపగా, గడువు ముగిసేదాకా జవాబు రాలేదు. కేంద్ర జల సంఘం కృష్ణా, పెన్నా నదుల మీద తీసే కొలతలు ఇండియా-వ్రిస్ పోర్టల్‌లో దొరుకుతాయి, అది మెచ్చుకోదగినది. కాలువల గేజీలు, గేట్లు ఎత్తిన వేళలు, పూడిక సర్వేల పూర్తి వివరాలు మాత్రం శాఖ రిజిస్టర్లలోనే ఉండిపోతున్నాయి. అమెరికా భూగర్భ సర్వే సంస్థ తమ నదుల ప్రవాహాలను ప్రపంచంలో ఎవరైనా చూసుకునేలా ఉచితంగా ఇస్తుంది. అందువల్ల తుంగభద్ర ఒడ్డున చదివే పిల్లవాడికి తుంగభద్ర మీద కంటే అమెరికా నది మీద సిద్ధాంతవ్యాసం రాయడం సులువైపోయింది. ఇందులో పిల్లల తప్పు ఏమీ లేదు.

ప్రయోగశాలల సంగతి కూడా ఆశాజనకంగా లేదు. ప్రవాహం కొలిచే వెంచురీ మీటరు, నాచ్, చిన్న పంపు పరీక్ష, ఇవి ఉంటే తనిఖీ బృందానికి చాలు. ఒండ్రు కదలికను చూపగల పొడవైన ఫ్లూమ్ (ప్రయోగ కాలువ) గానీ, నదిలో వేగాన్ని కొలిచే ధ్వని పరికరం గానీ చాలా చోట్ల లేవు. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో శాశ్వత నియామకాలు ఏళ్ల తరబడి ఆగడంతో పీహెచ్‌డీ పూర్తిచేసినవారు కాంట్రాక్టు జీతాలతో నెట్టుకొస్తున్నారు. కొన్ని ప్రైవేటు యాజమాన్యాలు వేసవిలో అధ్యాపకులను ఊళ్లు తిప్పి, ప్రవేశాల కోసం ఇంటింటికీ పంపుతున్నాయి. కాలువలు ఎండి, అడుగు కొలతలు తీయడానికి వీలుండే నెలలు సరిగ్గా అవే. మా తరగతుల్లో హైడ్రాలిక్స్‌లో ముందుండేవారిలో ఆడపిల్లలు చాలామంది. వారు సర్వేకు వెళ్లడానికి వాహనం, తోడు, బస ఏర్పాటు చేయడం కూడా కళాశాల బాధ్యతే.

జలవనరుల శాఖ వారికి నా విన్నపం ఇది. మూడు జిల్లాల కాలువల గేజీ లెక్కలనూ పూడిక సర్వేలనూ సీజను ముగిసిన మూడు నెలలకు కళాశాలలకు అందించండి. 2021 నాటి డ్యామ్ భద్రతా చట్టం వానాకాలానికి ముందు, తరువాత తనిఖీలు చేయమంటోంది, కొన్నేళ్లకొకసారి స్వతంత్ర నిపుణుల బృందంతో సమగ్ర మదింపు చేయించమంటోంది. ఆ స్వతంత్ర నిపుణులు ఎక్కడి నుంచి వస్తారో ఇప్పుడే ఆలోచించాలి. తనిఖీకి వెళ్లే ప్రతి జీపులో దగ్గరి కళాశాల అధ్యాపకుడికీ ఇద్దరు విద్యార్థులకూ చోటు ఇవ్వండి. మోడల్ పరీక్షలు చేసే షెడ్డును కర్నూలులో కడతారా, అనంతపురంలో కడతారా అన్న పోటీలో నాకు ఆసక్తి లేదు. ఎక్కడైనా సరే, నిరంతరంగా నీరు, కరెంటు అందే చోట కట్టి, మూడు జిల్లాల విద్యార్థులకూ సమానంగా తెరవాలి.

ఇవన్నీ ఒక్కసారి జరగవని తెలుసు. అందుకే వచ్చే సీజనుకు ఒక్క పని చేసి చూడమని కోరుతున్నాను. కె.సి. కాలువ కింద ఏదో ఒక పంపిణీ కాలువను ఒక కళాశాలకు పరిశీలన కోసం అప్పగించండి. గేట్లు కాలువ సిబ్బంది అయిన లస్కర్ల చేతిలోనే ఉంటాయి, నిర్ణయాలు డీఈ (డిప్యూటీ ఇంజినీరు) గారివే. మా విద్యార్థులు తలదగ్గర, మధ్యలో, చివర రోజూ ప్రవాహం కొలిచి, నీరు ఎక్కడెక్కడ తగ్గిపోతోందో పంట కోతల లోపు నివేదిక ఇస్తారు. దానికయ్యే ఖర్చు కొన్ని గేజీ బోర్డులు, నీటి వేగం కొలిచే రెండు కరెంట్ మీటర్లు, పిల్లల దారి ఖర్చులు. అనుమతి పత్రం వస్తే పని మొదలుపెట్టడానికి మా విభాగంలో అధ్యాపకులూ, ఎం.టెక్. విద్యార్థులూ సిద్ధంగా ఉన్నారు.

ఇట్లు,
ఒక ఇంజినీరింగ్ కళాశాల హైడ్రాలిక్స్ అధ్యాపకుడు,
కర్నూలు